పురిటికి పుట్టింటికొచ్చే సొరలు: వలస సొరల్లో స్థానిక అనుకూలతను డీఎన్‌ఏతో ఎలా పట్టుకోవాలి

ఏటా వందల కిలోమీటర్లు ఈదే చేప ఒక చోటి నీళ్ళకి తగ్గట్టు ఎలా మారుతుంది, తిరిగేవన్నీ ఎక్కడో ఒకచోట కలిసిపోతాయి కదా, అని ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటూ మొదటి వారంలోనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. అమ్మాయి ఏ ఊళ్ళో కాపురం ఉన్నా తొలి కాన్పుకి పుట్టింటికి వస్తుంది. చాలా జాతుల సొరల్లో ఆడవి దాదాపు ఇదే పని చేస్తాయి. ఏడాదంతా ఎక్కడెక్కడో తిరిగినా కనేటప్పుడు మాత్రం తెలిసిన చోటికే వస్తాయి. బహామాస్‌లోని బిమినీ దీవుల దగ్గర లెమన్ సొర పిల్లల్ని రెండు దశాబ్దాల పాటు పట్టి, చిన్న ముక్క తీసి, డీఎన్‌ఏ రికార్డు చేసి వదిలేస్తూ వచ్చారు. 1993-97 మధ్య అక్కడ పుట్టిన ఆడవాటిలో కనీసం ఆరు, 14 నుంచి 17 ఏళ్ళ తర్వాత అక్కడికే వచ్చి పిల్లల్ని కన్నాయని 2014లో తేలింది. పిల్లలు ఏ నీళ్ళలో మొదటి ఏడాది గడుపుతాయో ఆ నీళ్ళే వాటిని జల్లెడ పడతాయి, బతికినవి మళ్ళీ ఆ నీళ్ళకే వస్తాయి. స్థానిక అనుకూలతకి, అంటే ఒక చోటి చేపలు తరతరాలుగా ఆ చోటికే తగ్గట్టు మారడానికి, దారి ఇక్కడ దొరుకుతుంది.

కాబట్టి నేను ఇక్కడ చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. కనే చోట, కనే కాలంలో, ఆడా మగా విడివిడిగా గుర్తించి శాంపిల్ తీయండి. వేరే సీజన్‌లో, కలగాపులగంగా ఉన్న గుంపులోంచి తీసిన శాంపిల్‌ని ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

ఉదాహరణగా బానెట్‌హెడ్ సొరని తీసుకుంటున్నాను. శాస్త్రీయ నామం స్ఫిర్నా టిబురో. సుత్తితల సొరల కుటుంబంలో చిన్న జాతుల్లో ఒకటి, తల పార ఆకారంలో ఉంటుంది, అమెరికా అట్లాంటిక్ తీరంలోనూ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోనూ దొరుకుతుంది, పీతలంటే ప్రాణం. పీతల కోసం వెళ్ళి సముద్రపు గడ్డి కూడా బాగా మింగేస్తుంది, ఆ గడ్డిలో కొంత నిజంగానే అరిగించుకుంటుందని 2018లో చూపించారు (సొరల్లో గడ్డి అరిగించుకునేది ఉందంటే నేను మొదట నమ్మలేదు). దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం 2015లో డేవిడ్ పోర్ట్‌నోయ్ బృందం మాలిక్యులర్ ఎకాలజీ పత్రికలో వేసిన పరిశోధన. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో అంతకంటే శుభ్రమైన నమూనా లేదు.

ముందు జాతి ఒక్కటేనా అని చూసుకోండి

ఇది చిన్న మెట్టే, కానీ దాటేస్తే మొత్తం కూలిపోతుంది. బానెట్‌హెడ్ అని అందరూ ఒకే పేరుతో పిలిచిన దానిలో నిజానికి రెండు జాతులున్నాయి. కరీబియన్ వైపు నుంచి బ్రెజిల్ దాకా ఉన్నవాటికి డీఎన్‌ఏ తేడా ఉందని ముందే తెలిసింది, ఈ మధ్యే వాటికి స్ఫిర్నా అలెనీ అని వేరే పేరు పెట్టారు. ఈ రెండింటినీ కలిపి విశ్లేషిస్తే గ్రాఫు మీద అద్భుతమైన 'స్థానిక అనుకూలత' కనిపిస్తుంది, అది జాతుల మధ్య తేడా తప్ప ఇంకేమీ కాదు. అందుకని ప్రతి చోటి నుంచి కొన్ని శాంపిళ్ళకి ముందుగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి వైపు నుంచి వచ్చేది, కింద చెప్తాను) సీక్వెన్సు చేసి, అంటే అందులోని అక్షరాల వరస చదివి, పోల్చి చూసి, ఆ తర్వాతే పెద్ద ఖర్చు పెట్టండి.

శాంపిల్: సగం పని ఇక్కడే

అట్లాంటిక్ వైపు బానెట్‌హెడ్‌లు వేసవిలో సౌత్ కరోలినా లాంటి చోట్ల నదీ ముఖాల్లోకి వస్తాయి, చలికాలంలో దక్షిణానికి దిగుతాయి. అక్కడ ఏళ్ళ తరబడి ట్యాగులు వేసి చూస్తే, పట్టుబడ్డవి తిరిగి అదే మొగలో, అంటే అదే నదీ ముఖంలో, మళ్ళీ పట్టుబడుతున్నాయి, పక్క మొగలో అంతగా కనపడటం లేదు. అంటే వేసవిలో వేరువేరు ఇళ్ళు, చలికాలంలో అందరూ ఒకే వీధి. మీరు చలికాలంలో ఫ్లోరిడా దగ్గర వంద సొరలు పట్టి 'ఫ్లోరిడా శాంపిల్' అని రాసుకుంటే అందులో ఎవరి ఊరివి ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలి. 2015 పరిశోధనలో శాంపిళ్ళన్నీ వేసవి నెలల్లో, ఆడవి కడుపుతో గడిపే చోట్ల నుంచే తీశారు. ఫలితం అంత స్పష్టంగా రావడానికి మొదటి కారణం నా దృష్టిలో ఇదే.

ఒక్కో చోటి నుంచి కనీసం 30 పెట్టుకోండి, ఉత్తరం నుంచి దక్షిణం దాకా నాలుగైదు చోట్లు ఉంటే మేలు, ఎందుకంటే రెండే చోట్లుంటే వాటి మధ్య వేడి తేడా ఉందో ఉప్పు తేడా ఉందో లోతు తేడా ఉందో విడదీయడానికి వీలుండదు, అన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి. వీలైతే రెండు వేర్వేరు సంవత్సరాల్లో తీయండి.

ప్రతి చేపకీ రాసుకోవాల్సినవి చెప్తాను, ఇవి లేకపోతే డీఎన్‌ఏ ఉన్నా ఉపయోగం లేదు: తేదీ, జీపీఎస్, నీటి ఉష్ణోగ్రత, పొడవు, ఆడా మగా, పెద్దదా పిల్లా. మగదైతే కడుపు కింది రెక్కల దగ్గర క్లాస్పర్లు అనే రెండు కడ్డీలు కనపడతాయి, అవి గట్టిపడ్డాయా లేదా అన్నదాన్ని బట్టి పరిపక్వత తెలుస్తుంది. ఈమధ్యే పుట్టిన పిల్లకి ముందు రెక్కల మధ్య బొడ్డు మచ్చ ఇంకా మానకుండా ఉంటుంది, అలాంటి పిల్ల దొరికితే అది ఆ పరిసరాల్లోనే పుట్టిందని ధైర్యంగా చెప్పొచ్చు కాబట్టి దాని విలువ ఎక్కువ.

కానీ పిల్లల్లో ఇంకో చిక్కుంది. ఒకే వలలో పడ్డ అయిదు పిల్లలు ఒకే తల్లివి కావచ్చు. తోబుట్టువుల్ని లెక్కలో ఎక్కువగా ఉంచితే ఒక కుటుంబం మొత్తం ఊరికి ప్రతినిధి అయిపోతుంది, లేని తేడా కనపడుతుంది. ఒకే రోజు ఒకే వలలోంచి ఎక్కువ తీసుకోకండి, తర్వాత ఎలాగూ జన్యు డేటాతో బంధుత్వం లెక్కగట్టి చూడాలి.

ముక్క గోరంత చాలు. వెనక రెక్క అంచు నుంచి శుభ్రమైన కత్తెరతో తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి, మొదటి రోజు తర్వాత ఇథనాల్ ఒకసారి మార్చండి, ఎందుకంటే ముక్కలోని నీరు దాన్ని పలచన చేస్తుంది. ఇథనాల్ తీసుకెళ్ళడం కష్టమైతే 20 శాతం డీఎంఎస్‌ఓ అనే ద్రావకం ఉన్న ఉప్పు ద్రావణం పడవ మీద కూడా నిల్వ ఉంటుంది. లేబుల్ పెన్సిల్‌తో కాగితం మీద రాసి ట్యూబు లోపల వేయండి, మార్కర్ రాత ఇథనాల్ తగిలితే పోతుంది. చేపకి చేపకీ మధ్య కత్తెర తుడవడం మర్చిపోవద్దు.

విశాఖ, కాకినాడ హార్బర్లలో శాంపిల్ తీద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడ సొర దిగిన చోటు మాత్రమే మీకు తెలుస్తుంది, పట్టిన చోటు తెలియదు. కొన్ని పడవలు రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి. పడవ సరంగుని అడగండి, వల ఎంత లోతులో వేశారో, తీరానికి ఎంత దూరమో, ఏ వైపు వెళ్ళారో ఓపిగ్గా అడిగి రాసుకోండి. వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు. ఎండలో గంటల తరబడి పడున్న చేప డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది, కాబట్టి తెల్లవారుజామున పడవ దిగగానే ఉండాలి. ఇక అనుమతులు: వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జాతుల నుంచి ముక్క కూడా అనుమతి లేకుండా తీయకూడదు. తిమింగల సొర 2001 నుంచే అందులో ఉంది, 2022 సవరణ తర్వాత జాబితా మారింది కాబట్టి కొత్త జాబితాయే చూడండి. శాంపిల్ విదేశానికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. సుత్తితల సొరల కుటుంబం మొత్తం 2022 పనామా సమావేశంతో సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలోకి వచ్చింది, కనక ఆ కాగితాలు వేరే. ఇవన్నీ ముందే మొదలుపెట్టండి, నెలలు పడుతుంది.

ల్యాబ్‌లో రెండు రకాల డీఎన్‌ఏ

మనకి ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు సొరకి మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కేంద్రక డీఎన్‌ఏ ఇద్దరి నుంచీ వస్తుంది. ఈ రెండూ కలిపి చదివితేనే ఆడవి ఏం చేస్తున్నాయి, మగవి ఏం చేస్తున్నాయి అన్నది విడిపోతుంది, ఒక్కటే చేసి ఊరుకుంటే కథ సగమే.

మైటోకాండ్రియాకి కంట్రోల్ రీజియన్ అనే భాగాన్ని, సొరల్లో సుమారు వెయ్యి అక్షరాల పొడవు ఉంటుంది, సాంగర్ పద్ధతిలో (ఒక్కో ముక్కనీ విడిగా చదివే పాత పద్ధతి) చదివితే చాలు. సొరల మైటోకాండ్రియా క్షీరదాలతో పోలిస్తే చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి చిన్న ముక్క చదివితే అందరూ ఒకేలా కనపడతారు, పూర్తి భాగం చదవండి. కేంద్రక డీఎన్‌ఏకి డీడీ రాడ్ పద్ధతి ఖర్చుకి తగ్గ ఫలితం ఇస్తుంది. రెండు ఎంజైములతో జన్యు పదార్థాన్ని కోసి, ఒక సైజు ముక్కల్ని మాత్రమే ఏరి, ఒక్కో చేపకి ఒక్కో బార్‌కోడ్ తగిలించి కలిపి సీక్వెన్సు చేస్తారు. వేల సంఖ్యలో స్నిప్‌లు, అంటే ఒక్క అక్షరం తేడా ఉన్న చోట్లు, దొరుకుతాయి. మొత్తం జీనోమ్ చదవడం సొరల్లో ఇంకా భారమే. గ్రేట్ వైట్ సొర జీనోమ్ సుమారు 460 కోట్ల అక్షరాలు, మనిషిది 300 కోట్ల చిల్లర.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి నేను ఒక్కో చోటి శాంపిళ్ళని ఒక్కో ప్లేటులో (శాంపిళ్ళు పెట్టే చిన్న గడుల పళ్ళెం) వరసగా పెట్టాను, చూడ్డానికి నీటుగా ఉంటుందని. విశ్లేషణలో చోట్ల మధ్య చక్కటి తేడా వచ్చింది, సంతోషపడ్డాను, తర్వాత ఆ తేడా ప్లేట్ల మధ్య తేడా అని తెలిసింది. చోటూ ప్లేటూ ఒకటే అయిపోయాక ఏది దేనివల్లో విడదీసే మార్గం ఉండదు, మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది. అన్ని చోట్ల శాంపిళ్ళనీ అన్ని ప్లేట్లలోకీ కలిపి చల్లండి, కొన్ని చేపల్ని కావాలని రెండుసార్లు పెట్టండి. ఒకే చేప రెండుసార్లు రెండు రకాలుగా వస్తే తప్పు ఎంతుందో అక్కడే తెలుస్తుంది.

ఫిల్టర్ చేయడం

డీడోసెంట్ లేదా స్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో సీక్వెన్సుల్లోంచి స్నిప్‌లు గుర్తించండి. ఆ తర్వాత వీసీఎఫ్‌టూల్స్ అనే ప్రోగ్రాముతో ఏరడం. తక్కువ సార్లు చదివిన చోట్లు, సగం చేపల్లో లేని చోట్లు, డేటా బాగా తక్కువున్న చేపలు పోవాలి. మరీ ఎక్కువసార్లు చదివినట్టు కనిపించే చోట్లు కూడా పోవాలి, అవి సాధారణంగా జీనోమ్‌లో రెండు మూడు చోట్ల ఉన్న ఒకేలాంటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డవి. ఒకే ముక్క మీద అయిదు స్నిప్‌లుంటే అవి అయిదు సాక్ష్యాలు కావు, ఒకటే సాక్ష్యం. ఏ ఫిల్టర్ తర్వాత ఎన్ని మిగిలాయో ప్రతిసారీ రాసుకోండి.

ఒక ఫిల్టర్ గురించి గట్టిగా చెప్పాలి. ఆడామగా తేడాతో ముడిపడ్డ స్నిప్‌లు. జన్యుపరంగా చూసిన చాలా సొరల్లో మనలాగే మగవాటికి ఎక్స్, వై క్రోమోజోములు, ఆడవాటికి రెండు ఎక్స్‌లు. మీ ఉత్తరపు చోటులో ఎక్కువ ఆడవి, దక్షిణపు చోటులో ఎక్కువ మగవి పడ్డాయనుకోండి, ఎక్స్ మీద ఉన్న ప్రతి స్నిప్పూ 'అనుకూలత' లాగా మెరుస్తుంది. ముందు ఆడామగా మధ్య పోల్చి తేడా వచ్చినవాటిని పక్కన పెట్టాకే చోట్ల మధ్య పోల్చండి.

తేడాని చదవడం

చోట్ల మధ్య తేడాకి ఎఫ్‌ఎస్‌టీ అనే కొలత వాడతారు, సున్నా అంటే కలిసిపోయాయి, ఒకటి అంటే పూర్తిగా వేరు. వలస సొరల కేంద్రక డీఎన్‌ఏలో ఇది చాలా తక్కువ వస్తుంది, చూసి నిరుత్సాహపడకండి. ఒక సులువైన నమూనా ప్రకారం తరానికి ఒక్క చేప చోటు మారి అక్కడ జతకడితే ఎఫ్‌ఎస్‌టీ 0.2 దగ్గర ఉంటుంది, పది మారితే 0.024, ఇరవై అయిదు మారితే 0.01కి పడిపోతుంది. తరానికి ఇరవై అయిదు చేపలు! జన్యువుల్ని కలపడానికి అవి సరిపోయాయి, కానీ ఒక మొగలో సొరలన్నీ వేటలో పట్టుబడిపోతే ఆ ఇరవై అయిదు వచ్చి దాన్ని నింపగలవా? అందుకే 'జన్యుపరంగా ఒకటే' అన్న మాట విని 'ఎక్కడ ఎంత పట్టినా పర్లేదు' అనే నిర్ణయానికి వెళ్ళిపోవడం నాకు చాలా ఆందోళనగా ఉంటుంది.

బానెట్‌హెడ్‌లో ఏం వచ్చిందంటే, గల్ఫ్ ఈశాన్య తీరం వెంట మైటోకాండ్రియా చోటు చోటుకీ తేడా చూపించింది, మామూలు స్నిప్‌లు కలిసిపోయినట్టు చూపించాయి. ఆడవి ఇల్లు పట్టుకునుంటాయి, మగవి తిరుగుతూ జన్యువుల్ని మోస్తాయి అని దాని అర్థం.

అయితే ఈ నమూనా కనపడగానే ప్రతిసారీ ఇదే అర్థం తీయకండి. గ్రేట్ వైట్ సొరలో 2001లో నేచర్ పత్రికలో సరిగ్గా ఇలాంటి ఫలితమే వచ్చింది. దక్షిణాఫ్రికా సొరలకీ ఆస్ట్రేలియా వైపువాటికీ తల్లి వైపు డీఎన్‌ఏ వేరు, కేంద్రక డీఎన్‌ఏ ఒకటే, కనక ఆడవి కదలవు అన్నారు. తర్వాత 2003లో దక్షిణాఫ్రికాలో ట్యాగ్ వేసిన నికోల్ అనే సొర ఆస్ట్రేలియా పశ్చిమ తీరం దాకా వెళ్ళి, తొమ్మిది నెలల్లోపే తిరిగొచ్చింది, 20,000 కిలోమీటర్ల పైనే. అది ఆడది. వెళ్ళొచ్చింది, అక్కడ కనలేదు అని అప్పట్లో సర్దుకోగలిగారు. కానీ 2025లో పూర్తి జీనోమ్‌లతో చేసిన పరిశోధన, ఆడవి పుట్టింటికి రావడం అన్న ఒక్క కారణంతో వైట్ సొరల మైటోకాండ్రియా తేడాని వివరించలేమని తేల్చింది. కాబట్టి ట్యాగింగ్ సాక్ష్యం, పిల్లల సాక్ష్యం, సిమ్యులేషన్ ఇవి కూడా పక్కన ఉంటేనే పుట్టింటి కథ చెప్పండి. బానెట్‌హెడ్‌కి ట్యాగుల సాక్ష్యం ఉంది, అదే తేడా.

అవుట్‌లయర్లు: ఇక్కడే అందరూ తొందరపడతారు

స్నిప్‌లలో ఎక్కువ భాగం కలిసిపోయినట్టు కనపడి, కొన్ని మాత్రం చోట్ల మధ్య మరీ ఎక్కువ తేడా చూపిస్తే వాటిని అవుట్‌లయర్లు అంటారు. మగవి జన్యువుల్ని అంతటా చల్లుతున్నా ఈ కొన్ని మాత్రం కలవడం లేదంటే, ప్రతి తరంలోనూ ఏదో వాటిని ఏరుతోందన్నమాట. 2015 పరిశోధనలో మొత్తం 30 అవుట్‌లయర్లు దొరికాయి, వాటిలో సగానికి పైగా అక్షాంశంతో పాటు మారుతున్నాయి. ఇదే చేప ఫ్లోరిడా పశ్చిమ తీరం వెంట ఉత్తరానికి పోయేకొద్దీ పెద్ద సైజులో పరిపక్వానికి వస్తుందని అంతకు చాలా ముందే కొలిచి ఉన్నారు. రెండూ ఒకే దిశలో ఉండటం నాకు ఈ పరిశోధనలో బాగా నచ్చిన విషయం. తల్లులు చోటు మారకపోవడం వల్ల మంచి జన్యువులు అక్కడ పోగుపడతాయి, తండ్రులు తిరగడం వల్ల ఒక చోట పుట్టిన మంచి జన్యువు ఇంకో చోటికి చేరుతుంది.

మీ డేటాలో చేసేటప్పుడు బేస్కాన్, అవుట్‌ఫ్లాంక్, పీసీఅడాప్ట్ లాంటి అవుట్‌లయర్లని వెతికే ప్రోగ్రాముల్లో కనీసం రెండు, పర్యావరణంతో పోల్చే ఎల్‌ఎఫ్‌ఎంఎం లేదా ఆర్‌డీఏ ఒకటి వాడండి. ఒక్కోటి ఒక్కో ఊహ మీద నడుస్తుంది, అన్నీ ఒకే జవాబు ఇవ్వవు. వేల స్నిప్‌లు పరీక్షిస్తున్నారు కాబట్టి ఊరికే అదృష్టం కొద్దీ కొన్ని బయటపడతాయి, ఆ తప్పుల శాతాన్ని సరిచేసే లెక్క తప్పనిసరి. అవుట్‌లయర్లని వేరు చేశాక, మిగిలినవాటితోనే వలస లెక్కలు వేయండి, రెండూ కలిపితే ఏ జవాబూ నిలవదు.

అవుట్‌లయర్ దొరికింది అంటే అనుకూలత దొరికిందని కాదు. జీనోమ్‌లో ఆ చోట జన్యు పునస్సంయోగం (క్రోమోజోమ్ జతల మధ్య ముక్కలు మారడం) తక్కువ ఉండొచ్చు, క్రోమోజోమ్ ముక్క తిరగబడి ఉండొచ్చు, పాత కాలపు విడిపోవడం మిగిలి ఉండొచ్చు. అక్షాంశంతో పాటు వేడి, పగటి పొడవు, ఆహారం అన్నీ మారతాయి, వాటిలో ఏది ఏరుతోందో అక్షాంశం చెప్పదు. పైగా రాడ్ పద్ధతి జీనోమ్‌లో చాలా చిన్న భాగాన్నే చూస్తుంది, మీకు దొరికిన స్నిప్ అసలు జన్యువు పక్కింట్లో ఉన్న సాక్షి మాత్రమే కావచ్చు. మొక్కల్లోనైతే విత్తనాలు అటూ ఇటూ మార్చి నాటి చూస్తారు. కడుపుతో ఉన్న సొరని ఒక మొగ నుంచి ఇంకో మొగకి మార్చి పిల్లలు ఎలా బతుకుతాయో చూడడం కుదరదు. పొడవు, పరిపక్వత వయసు లాంటి తేడాలు తిండి వల్ల, వేడి వల్ల జన్యువు మారకుండానే రావచ్చు కూడా. అందుకే నేను ఎప్పుడూ 'అనుకూలతకి సంబంధించినది కావచ్చు' అనే స్థాయిలోనే రాస్తాను, మీరూ అంతే రాయండి, గైడ్ ఎంత ఒత్తిడి పెట్టినా సరే.

ఆ మాటని బలపరచడానికి మీ చేతిలో ఉన్న దారి ఒకటి ఉంది: ఇంకో తీరం. అదే ఉత్తర దక్షిణ క్రమం అట్లాంటిక్ వైపు కూడా ఉంది కాబట్టి గల్ఫ్‌లో దొరికిన స్నిప్‌లే అక్కడా అదే దిశలో మారుతున్నాయా అని చూడొచ్చు. మారితే వాదన చాలా బలపడుతుంది. మారకపోతే అదీ ఫలితమే, వేరే జన్యువులతో అదే పని జరుగుతుండొచ్చు. ఇంకో ఏడాది శాంపిళ్ళతో తిరిగి చేయడం కూడా ఇలాంటి పరీక్షే, నేనైతే డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఇదే చేస్తాను.

చివరగా డేటా పెట్టేటప్పుడు సీక్వెన్సులు మాత్రమే అప్‌లోడ్ చేసి వదిలేయకండి. ప్రతి చేపకీ తేదీ, చోటు, ఆడామగా, పొడవు, ఏ ప్లేటులో ఏ గడిలో ఉందో ఉన్న టేబుల్ కూడా దాంతో పాటే పెట్టండి. పదేళ్ళ తర్వాత ఆ మొగలోనే శాంపిల్ తీసేవాళ్ళకి మీ స్నిప్‌ల కంటే ముందు కావాల్సింది ఆ టేబులే.